ఊడ్చిన ఇసుక

ఫిబ్రవరి 9

ఎగువ ఇసుక తిన్నె మీద ఇవాళ్టికి ఐదు గూళ్ళు. తాబేళ్ళు చీకట్లో వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. ఈయన ఏటి తాబేళ్ళ శాంక్చువరీలో వాచర్ కదా, తెల్లవారుతూనే వెళ్ళి ఎండుకొమ్మతో వాటి జాడలన్నీ ఊడ్చేస్తారు. రిజిస్టర్లో మాత్రం నిల్ అని రాస్తారు. నాలుగేళ్ళ కిందట ఉన్నదున్నట్టే రాశారట. ఆఫీసులో ఎవరి నోటి నుంచి పొక్కిందో, వారం తిరక్కుండా గుడ్లన్నీ దొంగలపాలు. అప్పట్నుంచీ నిల్లే. అసలు సంఖ్య నాకొక్కదానికే చెబుతారు. నేను ఇందులో రాసుకుంటాను. నా ఐదో క్లాసు చదువు ఇంకెందుకు పనికొస్తుంది?

అత్తయ్య ఊరుకుంటుందా! ఇంట్లో చీపురు ముట్టని మహారాజు ఏటికి మాత్రం పాచిపని చేసొస్తాడంటుంది.

ఫిబ్రవరి 20

తొమ్మిది.

ఈయన నాకు జడ వేశారు. వంకర. విప్పబుద్ధి కాలేదు.

మార్చి 2, సాయంత్రం

ఆఫీసు గోడకి నోటీసు అంటించారు. ఎగువ తిన్నెని శాంక్చువరీ హద్దుల్లోంచి తీసేస్తారట. ఆ తర్వాత ఇసుక క్వారీకి ఇస్తారు. కారణం కూడా రాశారు. మూడేళ్ళ రిజిస్టర్లో ఒక్క గూడూ లేదు, సర్వేవాళ్ళు ఓ పొద్దున నడిచి చూస్తే ఒక్క జాడా కనపడలేదు. అభ్యంతరాలుంటే పన్నెండో తారీఖు హియరింగులో చెప్పుకోవాలి.

నిల్ రాసిందీ ఈయనే, ఊడ్చిందీ ఈయనే. కంచం ముందు కూర్చుని లేచిపోయారు.

మార్చి 4

నిజం చెబితే తప్పుడు రిజిస్టర్ రాసినందుకు ఉద్యోగం పోతుంది. దాంతోపాటు ఈ క్వార్టర్. చెప్పకపోతే తిన్నె పోతుంది. తాబేళ్ళు మనకేమైనా కూడు పెడుతున్నాయా అంది అత్తయ్య. నోరు మూసుకోమని కొడుక్కి చెప్పింది. నోరు తెరిచి మొగుడికి ఏదైనా చెప్పమని నాకు చెప్పింది. నేను గిన్నెలు తోముతూ ఉండిపోయాను.

మార్చి 5

ఆయన బయట మంచం వేసుకున్నారు. నేను వంటింట్లో చాప వేసుకున్నాను.

మార్చి 7

ఈ పుస్తకం ఆయన ముందు పెట్టాను. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ, మూడేళ్ళ గూళ్ళూ ఇందులోనే ఉన్నాయి, తేదీలతో సహా. ఇన్నాళ్ళూ నేనేవో పాటలు రాసుకుంటున్నానని అనుకున్నారట. వేలు పెట్టి మొదటి పేజీ నుంచి చదివారు. ఒకచోట పకపకా నవ్వారు. ఇంకోచోట చెవులు ఎర్రబడ్డాయి. ఇది పదిమందిలో పెడితే నువ్వు సిగ్గుతో చచ్చిపోతావన్నారు. మీకు పోయేది ఉద్యోగం, నాకు పోయేది సిగ్గేగా అన్నాను. అంత మాట నా నోట ఎలా వచ్చిందో.

మా ఇద్దరివి మాత్రమే అయిన పేజీల అంచులు కలిపి కుట్టేశాను. సూదిలో దారం ఆయనే ఎక్కించారు. మూడుసార్లు తప్పింది.

మార్చి 12

హియరింగ్ చిన్న గదిలో. ప్లాస్టిక్ కుర్చీలు, కిరకిరలాడే ఫ్యాన్. ఆఫీసరమ్మ అడగ్గానే ఈయన లేచి, రిజిస్టర్ అబద్ధమనీ తిన్నె నిండా గూళ్ళున్నాయనీ చెప్పేశారు. ఇన్నేళ్ళు అబద్ధం రాసినవాడి నోట ఇవాళ నిజం వస్తుందని ఎలా నమ్మాలి అన్నాడు క్వారీ తాలూకు మనిషి. అదీ న్యాయమే. అప్పుడు నన్ను పిలిచారు. పుస్తకం అందించాను. ఆవిడ తిప్పుతూ తిప్పుతూ కుట్ల దగ్గర ఆగి, ఇందులో ఏముందమ్మా అని అడిగారు. మా సంసారం అన్నాను. గదంతా గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. కుట్లు విప్పలేదు. ఫిబ్రవరి ఇరవై పేజీ దగ్గర మాత్రం తలెత్తి నా జడ వంక చూశారు.

జిరాక్స్ తీయించుకుని పుస్తకం ఇచ్చేశారు. రాత ఒక్కటే చాలదట. వారంలో సర్వే మళ్ళీ వస్తుంది, అప్పటిదాకా ఇసుక ఊడవొద్దన్నారు.

మార్చి 13, పొద్దున్నే

నన్నూ తీసుకెళ్ళారు. జాడలు నేను చూడడం ఇదే మొదటిసారి. నీళ్ళ అంచు నుంచి పైకి, మళ్ళీ నీళ్ళలోకి, బరువైన గోనె ఈడ్చినట్టు. అటూ ఇటూ గోళ్ళ గీతలు. ఎంత ఆయాసపడి వచ్చిందో తల్లి. ఇంత చక్కటివాటినా రోజూ చెరిపేస్తున్నారు అన్నాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. విప్పితే అలవాటుగా ఊడ్చేస్తారేమోనని ఆయనకే భయం.

మార్చి 17

పగలూ రాత్రీ ఇద్దరం తిన్నె మీదే కాపలా ఉంటున్నాం. నిన్న మధ్యాహ్నం ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని వెళ్ళేలోపు దొంగలు రెండు గూళ్ళు తవ్వేశారు. జాడలే దారి చూపించాయి. ఆయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చారు. అత్తయ్య పక్కన కూర్చుని తల నిమిరింది. మీరిద్దరూ తిన్నె దిగడానికి వీల్లేదు, క్యారేజీ నేను తెస్తాను అంది. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఇవాళ మూడు పూటలా వచ్చింది. వచ్చినప్పుడల్లా తాబేళ్ళని తిట్టింది.

మార్చి 20

సర్వేవాళ్ళు పన్నెండు గూళ్ళు లెక్కపెట్టారు.

ఏప్రిల్ 4

రెండు కాగితాలూ ఒకేసారి వచ్చాయి. ఎగువ తిన్నె శాంక్చువరీలోనే ఉంటుంది. ఈయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఏది ముందు చదవాలో తెలీక ఆయన రెండూ నా చేతికిచ్చారు. తిన్నెది చదివాను. మళ్ళీ చదవమన్నారు.

ఏప్రిల్ 11

తిన్నె మీద హద్దు బోర్డు పాతాలట. ఎక్కడ తవ్వితే గుడ్లు తగలవో ఆఫీసులో ఒక్కరికీ తెలీదు. రోజు కూలీకి ఈయన్ని పిలిచారు. వెళ్ళారు.

రెండడుగుల గొయ్యి చాలన్నారట. నాలుగడుగులు తవ్వొచ్చారు.