చెల్లి అని టైపు చేస్తే

అక్కా,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు వెళ్లి ఏడు నెలలైంది. ఇప్పుడు ఆ మాట ఎలా అడగాలో తెలియడం లేదు. నేను బాగానే ఉన్నాను. హిందూపురంలో అదే స్కూలు ఆఫీసు, అవే హాజరు పట్టీలు.

ధర్మవరంలో నీ గది తాళం ఈ మధ్యే తీశాం. తీయాల్సి వచ్చింది.

నారాయణ మామ మగ్గం మీద ఒక చీర ఆగిపోయింది. చీరంతా నేశాడు, కొంగొక్కటే మిగిలింది. నువ్వు కంప్యూటర్లో గీసిన డిజైనును బట్టి చిల్లులు కొట్టించిన జకార్డు అట్టలు వానకు తడిసి, మెత్తబడి చేతికి ఊడి వచ్చాయట. ఫైలు దొరికితే కొత్త అట్టలు కొట్టించుకోవచ్చు. దొరక్కపోతే ఆ చీరను కొంగు లేకుండానే కోసి దించాలి. నెల రోజుల రెక్కల కష్టం అక్కా. ఫోనులో మామ "ఎట్లన్నా చేసి ఎతికి పెట్టమ్మా" అన్నాడు.

నీ కంప్యూటర్లో వెతకడమా! దీని మీదే కదా మనం పోట్లాడుకున్నది?

నెమలి అంచు అనో, మామిడి పిందెల కొంగు అనో పేరు పెట్టుకోరాదా అని నేను మొత్తుకునేదాన్ని. కొత్త అంచు గీస్తే వారం తిరక్కుండా పక్క వీధిలో నేసేస్తారని నీ భయం. అందుకని ఆ రోజు ఇంట్లో ఏం జరిగితే అదే ఫైలు పేరు. పాలు విరిగిన రోజు. నాయన అలిగి అన్నం తినని రోజు. "పేరు చూస్తే దొంగోనికి ఏమీ తెల్లగూడదు. మనింట్లో ఏం జరిగిందో మనకు తెలుసు గదా, సాలు" అనేదానివి.

నువ్వు లేకపోతే అవి ఎవరికి తెలియాలి అని చివరిసారి అరిచాను. ఆ మాట నేనే అన్నాను అక్కా. నెల తిరగకుండా జ్వరమని ఆసుపత్రికి వెళ్లావు, మళ్లీ ఇంటికి రాలేదు...

మూడు ఆదివారాలు నీ గదికి వచ్చాను. నీ కుర్చీలో మాత్రం కూర్చోలేదు. "నా కుర్చీలో కూచోవద్దే, గళ్ల లెక్క తప్పుతాది" అనేదానివి కదా. వంటింటి స్టూలు తెచ్చుకున్నాను.

మొదట కంప్యూటర్లో ముందు నుంచే ఉన్న సెర్చ్‌నే నమ్ముకున్నాను. చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి, ఏమీ రాలేదు. నువ్వు డిజైన్లు దాచిన డ్రైవు వైపు అది అసలు తొంగి చూడనే లేదని తర్వాత తెలిసింది. రెండో వారం ఇంకొక సెర్చ్ ప్రోగ్రాం వేశాను. డబ్బు కట్టి కొనాల్సినది, కొన్నాళ్లు ఊరికే వాడుకోనిస్తారు. చాలా తెలివైనది, ఫైలు లోపలి మాటలు కూడా చదువుతుంది. స్కూలుకైతే అదే కొనమంటాను. కానీ నీవన్నీ గళ్లలో రంగులు. వాటిలో ఏం చదువుతుంది పాపం? ఒక పూటంతా లోపల ఉన్నదంతా నమిలి, కరెంటోళ్లకు నువ్వు రాసిన ఫిర్యాదు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఎంత తిట్టావే వాళ్లను! ఏడుస్తూనే నవ్వాను.

మూడోది చిన్నది, ఉచితం. పేర్లు తప్ప ఇంకేమీ చూడదు. కానీ అక్షరం కొట్టీ కొట్టకముందే ఆ పేరున్న ఫైళ్లన్నీ ముందుకొచ్చి నిలబడతాయి. నీ కంప్యూటరుకు ఇదే సరైనదని ఖాయం చేసుకున్నాను. ఇక పేరు గుర్తుంటే చాలు... కానీ ఏ పేరు?

మామకు మళ్లీ ఫోన్ చేశాను. అట్టలు ఇచ్చేటప్పుడు నువ్వు "ఇది మా చెల్లి కొంగు మామా" అన్నావట.

స్టూలు మీద నడుము పట్టేసింది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు నీ కుర్చీలో కూర్చున్నానో నాకే తెలియదు. చెల్లి అని టైపు చేశాను.

చెల్లి పాసైన రోజు. చెల్లి ఉప్మా మాడ్చిన రోజు. చెల్లికి పెనుకొండలో బస్సు తప్పిన రోజు. ఇన్ని రోజులు నన్ను దాచుకున్నావా? కొత్త తేదీలు పైకి వచ్చేలా మార్చాను. రెండో వరుసలో ఉంది, చూడు...

చెల్లి నా కుర్చీలో కూర్చున్న రోజు.

పక్కన తేదీ చూశాను. ఆ రోజుదే. నేను కూర్చుని ఉన్న ఆదివారానిదే.

పట్టపగలు, వీధిలో మగ్గాలు టకటకలాడుతున్నాయి. అయినా వెనక్కి తిరిగి చూడడానికి భయమేసింది. నీ కంప్యూటర్లో గడియారం బ్యాటరీ ఎప్పుడో పోయింది, తెలుసు. తెరిచిన ప్రతిసారీ నువ్వే చేత్తో తేదీ పెట్టేదానివి, తప్పు పెట్టి ఉంటావు. అయితే సరిగ్గా అదే రోజా? నువ్వు ఉండగా నేను ఆ కుర్చీలో ఎప్పుడు కూర్చున్నాను అక్కా? నువ్వు టీకి వెళ్లినప్పుడు ఒక్కసారైనా... నాకు గుర్తు లేదు. నీకుందా?

తెరిచాను. కొంగే. ఫోటో తీసి పంపితే మామ "ఇదే తల్లీ, ఇదే" అని ఏడ్చేశాడు. కొత్త అట్టలు వచ్చాయి. నిన్ననే చీర దిగింది. చాలా బాగుంది అక్కా.

మొదటి వరుస సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

చెల్లి నా దగ్గరికి వచ్చి... అంతవరకే కనిపిస్తోంది. గడి ఇరుకు, మిగతా పేరు లోపల దాగి ఉంది. తేదీ వచ్చే శ్రావణంలో ఒక శుక్రవారం. మౌసుతో ఆ గడిని కాస్త జరిపితే చాలు. జరపలేదు.

చెల్లి నా దగ్గరికి వచ్చి అరిచిన రోజా? అదే అయితే నా మాట నిన్ను అంతగా గుచ్చిందా? అది కాకపోతే... ఏ రోజు అక్కా?

కంప్యూటరు ఆపి, గదికి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. ఆ శుక్రవారానికి సెలవు కూడా అడిగాను. పొద్దుటి బస్సెక్కుతాను, ఈసారి పెనుకొండలో టీకని దిగను. నీ కుర్చీలోనే కూర్చుని ఆ పేరు పూర్తిగా చదువుతాను. ఏదున్నా సరే, మార్చను.

వస్తాను అక్కా.

నీ చెల్లి