తొండం ఎటు తిరిగింది

నాన్నా,

నువ్వు పోయాక ఇది మూడో వినాయక చవితి. మన వన్ టౌన్ కొట్లో ఈ ఏడూ చైనా వినాయకుడి బొమ్మలే పెట్టాం. నిరుడు వచ్చినవాటికి తొండం కుడికి తిరిగి ఉందని, "ఇవి ఇంట్లో పెట్టుకోకూడదండీ" అంటూ జనం వెనక్కి తెచ్చిచ్చారు. ఈసారి పెట్టె విప్పగానే నీలాగే ముందు తొండమే చూశాను. అన్నీ ఎడమకే!

ఆ చైనా వాళ్ళకెవరు చెప్పారంటావు? పేపర్లో చైనా వార్త కనపడితే చాలు, "వాళ్ళు మన గురించి ఏమనుకుంటారురా?" అని అడిగేవాడివి. ఏమనుకుంటారో గానీ, మన పూజగదిలో ఏది పనికొస్తుందో ఏడాదిలో నేర్చేసుకున్నారు. వాళ్ళింట్లో ఏ దేవుణ్ణి పెట్టుకుంటారో నాకింతవరకూ తెలీదు.

పెట్టె మీద అడ్రసుంది. నువ్వైతే ఈపాటికి వాళ్ళకే ఉత్తరం రాసి అడిగేవాడివి. నేనేమో నీకు రాస్తున్నాను.