అమ్మ తెల్లంగీ

ఉన్‌పెంజి కొండ కింద సత్రం,
షోవా 41వ ఏడు, నవంబరు 19.

తాకెకో వదినకి నోబుయె వంగి దండం పెట్టి రాసేది. అన్నయ్యకీ, అమ్మకీ నా దండాలు చెప్పు. చలి ముదిరింది, అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

అమ్మకి గంజి కూడా గొంతు దిగడం లేదని రాశావు. పక్క మార్చినా కేక పెడుతోందని, మందు పనిచెయ్యడం మానేసిందని, ఈ ప్రాణం ఇంకా దేన్ని పట్టుకుని వేలాడుతోందో అని డాక్టరు గారు ఆశ్చర్యపోయారని రాశావు. దేన్నో మనిద్దరికీ తెలుసు. నేను బయల్దేరిన రోజు అమ్మ అన్న మాట నువ్వూ విన్నావుగా. ఎనభై ఎనిమిది గుళ్ళ ముద్రలూ పడ్డ తెల్లంగీ ఒంటి మీద లేకుండా చితెక్కేది లేదు, అది వచ్చేదాకా యముడొచ్చినా సరే, గుమ్మంలో కూర్చోబెట్టి టీ ఇవ్వు తాకెకో, అంది. మనం నవ్వాం. అమ్మ నవ్వలేదు.

లోకంలో వానలన్నీ నీ వెనకే నడుస్తున్నాయా, ఇక్కడ మన దీవిలో ఎండకి నారింజలు వాడిపోతున్నాయి అని ఎత్తిపొడిచావు. నువ్వు అనకపోతే ఇంకెవరంటారు. కోతల కాలంలో తోటనీ, మంచం పట్టిన అత్తగారినీ నీ నెత్తిన పడేసి వచ్చినదాన్ని. కానీ ఏం చెయ్యను చెప్పు. ఇక్కడ ముసురు వదలడం లేదు. కొండదారంతా జారుడు, పైగా నా మడమలు పగిలి చెప్పులు తొడుక్కోనివ్వడం లేదు. సత్రం ముసలమ్మ మంచిదే గానీ నోరు ఊరుకోదు. కుంటుకుంటూ వచ్చి కాళ్ళు కడుక్కోబోతుంటే, ముందు కర్ర కడుగు తల్లీ, నీ కాళ్ళకేం తొందర, కర్రలో ఉన్నది దైషి స్వామి, అని కసిరింది.

మనకి ముందు ఈ గుళ్ళన్నీ తిరిగిన ఆ స్వామి యాత్రికుల పక్కనే నడుస్తాడంటారు కదా. నీతో కాక ఎవరితో చెప్పుకోను వదినా, ఒక్క పూటైనా నాకు తోడున్నట్టు అనిపించలేదు. వంతెన వచ్చినప్పుడల్లా, కింద ఆయన పడుకుని ఉంటాడు, చప్పుడు చెయ్యకూడదని కర్ర ఎత్తి పట్టుకునే దాటాను. నిజంగానే నిద్రపోతున్నట్టున్నాడు.

దారిలో ఒకావిడ పొలంలోంచి పరిగెత్తుకొచ్చి కాల్చిన చిలగడదుంప చేతిలో పెట్టింది. ఎవరేం పెట్టినా యాత్రికులు కాదనకూడదు. ఎవరి కోసం నడుస్తున్నావమ్మా అంది. మా అమ్మ కోసం, జబ్బుగా ఉంది అన్నాను. నయమవుతుందిలే, దిగులు పడకు, అంది. నయం కావడానికి కాదు అని చెప్పలేక దండం పెట్టి దుంప తీసుకున్నాను. కొంత దూరం వెళ్ళి రాతి మీద కూర్చుని, తింటూ ఏడ్చాను. దుంప మాత్రం తియ్యగానే ఉంది.

నేను మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చినప్పుడు నువ్వు నా ముందు అన్నం గిన్నె పెట్టావు. అమ్మ మాత్రం, ఏమే దిక్కుమాలినదానా, పొద్దెక్కింది, తోటలోకి పద, అంది. అప్పటినుంచీ రోజూ ఆ పిలుపుతోనే లేస్తున్నాను. ఆ పిలుపు లేకపోతే పొద్దున్న దేనికి లేవాలో ఎంత ఆలోచించినా నాకు తోచడం లేదు.

వాన తగ్గగానే కొండెక్కుతాను. ఇంకా ఇరవై పైచిలుకు గుళ్ళున్నాయి. అమ్మని కాస్త ఓర్చుకోమను. నువ్వూ వేళకి ఇంత తిను.

నీ ఆడపడుచు,
నోబుయె

తా.క. కవరు అంటించబోతూ ఆగాను వదినా. దీని మీద పడే పోస్టు ముద్ర చూస్తే నీకెలాగూ తెలిసిపోతుంది. నేను ఉన్‌పెంజిలో లేను. నీ ఉత్తరాన్ని ఆ సత్రం వాళ్ళు ఇక్కడికి పంపించారు. ఇది ఓకుబోజి, ఆఖరి గుడి. ఆఖరి ముద్ర పడి చాలా రోజులైంది. ఇక్కడ వానా లేదు, నా మడమలకి ఏమీ కాలేదు. రోజూ పొద్దున్నే మూట కట్టుకుని బస్సు ఆగే చోటికి వెళ్తాను. బస్సు వెళ్ళిపోయాక తిరిగి వచ్చేస్తాను.

ఇందాక గాలి తగలాలని అంగీ మడత విప్పి దండెం మీద వేశాను. ఇక్కడి సత్రం ముసలమ్మ చూసింది. వేలు పెట్టే సందు లేకుండా ముద్రలన్నీ పడ్డాయే, అంది. మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నావని అడగలేదు. ఎవరో గానీ, దీని కోసం కాచుకున్న మనిషి ఎంత ఓర్చుకుంటోందో పాపం, అని లోపలికి వెళ్ళిపోయింది.

అంగీ ఇంటికి చేరిన రోజున అమ్మ పోతుంది. చేరనన్నాళ్ళూ అమ్మ కేకలు నువ్వు వింటావు. తెలిసే చేస్తున్నాను. రేపు బస్సెక్కుతానని రాద్దామని కూర్చున్నాను, చెయ్యి కదల్లేదు. అమ్మ అడిగితే, ఇంకా వాన తగ్గలేదట అని చెప్పు.