నేను పారేసిన ఫిల్టర్

బావా,

హారన్ మోగడం లేదని అక్కయ్య పిలిస్తే నిన్న మీ ఇంటికి వచ్చాను. నువ్వు లేవు. బానెట్ ఎత్తితే ఆయిల్ ఫిల్టర్ మీద నా చేతిరాత కనిపించింది. బిగించిన తేదీ ఫిల్టర్ మీద రాయడం నా అలవాటు. అది మూడు నెలల క్రితం నా కారులోంచి తీసి మా ఇంటి చెత్తబుట్టలో నేను పారేసింది.

"పుస్తకాల పురుగుకి స్పానరెందుకురా?" అని ముప్పై ఏళ్లు నలుగురిలో నవ్వావు. నేనేదీ మర్చిపోలేదు.

ఫిల్టర్ల ధర రెండింతలైందని నాకూ తెలుసు. నేనూ కారు పాలిష్ కొనడం మానేశాను. కానీ మురికి ఫిల్టర్‌తో ఇంజన్ పట్టేస్తుంది. పైగా వచ్చే వారం అక్కయ్యను ఎక్కించుకుని కొండదారిన వెళ్తున్నావట.

మన ఇద్దరివీ ఒకే మోడల్ కార్లు కనుక, నా కారుకని కొనిపెట్టుకున్న ఫిల్టరూ ఆయిలూ తెచ్చి నీ కారుకి మార్చేశాను. అక్కయ్య అడిగితే, "హారన్ తీగ ఊడిందక్కా, అంతే" అన్నాను. నువ్వూ అదే చెప్పు.

కృతజ్ఞతలు చెప్పడానికి ప్రత్యేకంగా రానక్కర్లేదు. పాత ఆయిల్ తీసేసి ఉంచిన నా కారు కొత్తది కొనేదాకా కదలదు కాబట్టి, ఈ నెలంతా నేను ఇంట్లోనే ఉంటాను.

నీ బావమరిది