సింకు ఎత్తు

అక్కయ్యకి తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నీ మరదలూ, పిల్లలూ బాగున్నాం. కర్ర పట్టుకుని ఆసుపత్రి వరండా చివరిదాకా నడిచానని రాశావు కదా, ఆ ముక్క నీ మరదలు నాచేత మూడుసార్లు చదివించుకుంది.

నువ్వడిగినవాటికి జవాబులు. మా సామాన్ల గదినే నీకు ఫోటోలు కడుక్కునే డార్క్‌రూమ్ చేస్తున్నాను. తలుపు సందులకి రబ్బరు పట్టీలు వేసి, లోపల పావుగంట కూర్చుని చూశాను. నా చెయ్యి నాకే కనబడలేదు. సింకు స్టీలుతో చేయించాను. నీ మూడు ట్రేలూ పక్కపక్కనే పడతాయి. నీళ్ళు నిలవకుండా గొట్టం వైపు కాస్త వాటం కూడా ఇచ్చాను. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో గొట్టాలు బిగిస్తున్నవాణ్ణి, ఆ మాత్రం తెలియదా! "మన వంటింటి కుళాయి ఏడాదిగా కారుతోందని కూడా రాయండి" అంటోంది నీ మరదలు. రాశాను.

నెగటివ్ నుంచి ఫోటో పెద్దది చేసే ఎన్లార్జర్ దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. పాత కెమెరాల కొట్టాయన రెండు చూపించాడు. ఒకటి పొట్టిది. కుర్చీలో కూర్చునే వాడుకోవచ్చు, కానీ చిన్న ఫిల్ముకే పనికొస్తుంది. రెండోది పొడుగుది. అందులో నీ పెద్ద చదరపు నెగటివ్‌లు కూడా పడతాయి. పై భాగం జరపాలంటే మాత్రం లేచి నిలబడాలి.

"నాది మీ అటక మీద ఉండగా ఇంకోటి ఎందుకురా?" అని అడిగావు. ఆ ప్రశ్న దగ్గరే ఈ ఉత్తరం రెండుసార్లు చింపి మళ్ళీ మొదలుపెట్టాను. అక్కా, అది అటక మీద లేదు. నువ్వు మెట్ల మీంచి పడ్డ నెలలో, ఇక నిలబడటం కష్టమని డాక్టరు అన్నాక, నీ స్టూడియో ఖాళీ చేస్తూ దాన్ని ఎవరికో అమ్మేశాను. నిన్నొక్క మాట అడగలేదు. తర్వాత వెతుక్కుంటూ వెళితే కొన్నాయన ఇల్లు మారిపోయాడు. నువ్వు అడిగినప్పుడల్లా భద్రంగా ఉందని అబద్ధం చెబుతూ వచ్చాను. కంచే చేను మేసింది. నువ్వెంత తిట్టినా పడతాను. చాలా సిగ్గుగా ఉందక్కా.

ఇంకో మాట. మొన్న సింకుని కుర్చీ ఎత్తుకే బిగించాను. పొట్టి ఎన్లార్జరే తెద్దామని చెప్పులు వేసుకుంటుంటే నీ మరదలు ఆపింది. "వదినగారు నడుస్తున్నానని రాస్తుంటే మీరు మళ్ళీ కూర్చోబెడతారేంటి?" అంది. నువ్వు ఇక లేవవని నేనే తేల్చేసి, చేసిన తప్పే మళ్ళీ చేయబోయాను. అప్పటికప్పుడే సింకు ఊడదీశాను. పొడుగుది మనకే ఉంచమని కొట్టాయనతో చెప్పి వచ్చాను.

సింకు ఎంత ఎత్తులో బిగించాలో నువ్వే చెప్పాలి. అక్కడి నర్సమ్మని టేపు పట్టమని, నేల నుంచి నీ మోచేతి దాకా కొలిపించి రాయి. కోపం తగ్గాకే రాయి, తొందరేం లేదు. కొలత మాత్రం నిలబడి ఇవ్వు.

ఇట్లు,
గోడకి వేసిన చిల్లులు పూడ్చేసి కూర్చున్న
నీ తమ్ముడు