సంతకం పెట్టని మేడం

తమ్ముడి అర్జీలన్నీ ఓపికగా భరించే అక్కకు,

నేను ఉద్యోగం మానేస్తున్నాను. అసలు సంగతి ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది నింపాదిగా చదువు. రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. అమ్మతో చెప్పే మహత్కార్యం నీకు అప్పగిస్తున్నాను. నాకు ప్రాణభయం ఉంది.

కారణం మా మేడం. పిల్లల సంక్షేమ కార్యాలయంలో నాలాంటి కుర్ర సోషల్ వర్కర్లను గాడిలో పెట్టడం ఆవిడ పని. వారానికోసారి ఆవిడ గదిలో కూర్చుని నా కేసుల మంచిచెడ్డలు చెప్పుకోవాలి, ఆవిడ దారి చూపాలి. దీన్ని సూపర్‌విజన్ అంటారని కాలేజీలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇక్కడ జరిగేది వేరు. నేను ప్రశ్న అడుగుతాను, ఆవిడ ప్రశ్నతోనే జవాబిస్తుంది. తలుపు వెయ్యమంటారా అని అడిగినా "నీకేమనిపిస్తోంది?" అంటుంది.

బేకరీలో రాత్రిపూట పనిచేసే ఒకాయన ఉన్నాడు. నిరుడు భార్య పోయింది. ఎనిమిదేళ్ల కూతురు. రాత్రిళ్లు చూపు ఆనని పక్కింటి అవ్వ వచ్చి పిల్లకు తోడు పడుకుంటుంది. తెల్లారి ఇంటికొచ్చి అతను పడుకుంటే, పిల్ల బడి మానేసి పక్కన కూర్చునేది. బడివాళ్లు ఫిర్యాదు చేశారు, కేసు నాకొచ్చింది. పిల్లను తండ్రి దగ్గరే ఉంచాలా, హాస్టల్‌కు పంపాలా అన్నది మా నివేదికను బట్టి కమిటీ తేలుస్తుంది. అందుకని రోజూ పొద్దున్నే నేనే వెళ్లి, పిల్లను లేపి, తయారుచేసి బడిలో దింపాను. ఇప్పుడు ఒక్కరోజూ మానడం లేదు. 'తండ్రి దగ్గరే ఉంచవచ్చు' అని రాసి, సన్మానానికి వెళ్తున్నవాడిలా మేడం ముందు నిలబడ్డాను.

"పిల్లను బడికి పంపుతున్నదెవరు?" అంది.

"అంటే... నేనే మేడం. ప్రస్తుతానికి."

"నీకు జ్వరమొస్తే?"

"నాకు జ్వరం రాదు మేడం."

నివేదిక మీద సంతకం పెట్టలేదు. పైగా వచ్చే వారమంతా ఆ ఇంటి ఛాయలకు వెళ్లొద్దంది. బడివాళ్లతో తను మాట్లాడుకుంటుందట. మునిగేవాణ్ణి ఒడ్డుకు లాగితే, చొక్కా ఎందుకు తడిసిందని జరిమానా వేసినట్టుంది నాకు. ఆ పిల్ల కూడా వెళ్లిపోతే ఆ ఇంట్లో ఆ మనిషి ఏమైపోతాడు? వేళాకోళంగా రాస్తున్నాను గానీ అక్కా, అన్నం సయించడం లేదు.

కాబోయే నిరుద్యోగి,
నీ తమ్ముడు


అక్కా,

అమ్మకు ఇంకా చెప్పలేదు కదా? అయితే ఆగు.

నేను వెళ్లని మొదటి రోజే పిల్ల బడికి రాలేదు. మర్నాడూ అంతే. "చూశారా మేడం" అన్నాను. "చూశాను" అంది, అంతే. ఆ మరుసటి పొద్దున తండ్రే ఆఫీసుకొచ్చాడు, చొక్కా మీద పిండి దులుపుకోకుండా, కూతురి చెయ్యి పట్టుకుని. పిల్ల నెత్తిమీద కాకిగూడు.

"సార్ రావట్లేదేంటి మేడం? మావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

"తప్పేం లేదు. మీరు పంపడానికి అడ్డేంటి, నిద్రేనా?"

అతను నేలచూపులు చూశాడు. "నిద్ర ఆపుకోగలను మేడం. జడే... నాకు వెయ్యడం రాదు. కత్తిరిద్దామంటే వాళ్లమ్మ పెంచిన జుట్టు. అట్లాగే పంపితే మీ అమ్మ లేదుగా అని బళ్లో నవ్వారంట. వెళ్లనని కూర్చుంది, నాకూ పంపబుద్ధి కాలేదు. సార్ వచ్చి చకచకా వేసేస్తుంటే సిగ్గేసి, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేవాణ్ణి."

నీ చెయ్యి విరిగినప్పుడు నీమీద నేర్చుకున్న విద్యను ఆ మనిషి కళ్లముందే అన్నాళ్లు ప్రదర్శించానన్నమాట. అతను మేలుకునే ఉన్నాడు. ఒక్కరోజూ పలకరించలేదు నేను.

మేడం తన సంచిలోంచి దువ్వెన తీసి అతని చేతికిచ్చింది. నన్ను నోటితో మాత్రమే చెప్పమంది. మూడు పాయలు, కుడిది మధ్యలోకి, ఎడమది మధ్యలోకి. జడ ఎండుమిరపకాయలా వంకరపోయింది.

"సార్ వేస్తే గట్టిగా ఉండేది నాన్నా."

"రేపటికి గట్టిపడుతుందిలేమ్మా."

నా చేతులు వాటంతటవే ముందుకెళ్లాయి. "కూర్చో" అంది మేడం. ఈసారి మాత్రం "నీకేమనిపిస్తోంది?" అని అడగలేదు.

వాళ్లు వెళ్లాక అడిగాను, జడ సంగతి మీకు ముందే తెలుసా అని. "నాకెలా తెలుస్తుంది? రోజూ వెళ్లింది నువ్వు కదా" అంది. సంతకం ఇంకా పెట్టలేదు. తండ్రి తనంతట తాను పంపుతాడో లేదో ఒక నెల చూద్దామంటోంది. ఆ ముక్కేదో మొదటే విడమరిచి చెబితే ఆవిడ సొమ్మేం పోయేదో. కోపం తగ్గలేదక్కా. వచ్చే వారం ఆ గదిలో గంటసేపు దెబ్బలాడాలి. రాజీనామా ఇస్తే ఎవరితో దెబ్బలాడను?

కిటికీలోంచి చూశాను. గేటు దాటకముందే జడ ఊడిపోయింది. అతను పిల్ల బడిసంచీ కింద పెట్టి, రోడ్డు పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, మళ్లీ మొదటి పాయ నుంచి మొదలుపెట్టాడు. నేను పరిగెత్తలేదు. ఎంత కష్టమనుకున్నావు.

కూర్చునే ఉన్న
నీ తమ్ముడు