దుమ్మును వేరుచేసే పురుగు

మార్కాపురం

ప్రియమైన కూతురు రూబీకి, నీ నాయన ఏబేలు ప్రభువు నామంలో దీవించి రాయునది. ఇక్కడ అమ్మ, నేను క్షేమం. తూత్తుకుడిలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఈ సంగతి ఫోనులో మొదలుపెడితే మధ్యలో ఆగిపోతాను.

మీ ల్యాబు గాజుతొట్టిలో తీసిన సముద్రపు పురుగు వీడియో పదిసార్లు చూశాం. గొట్టంలోంచి విసనకర్రలా ఈకలు విప్పుకుని కూర్చుంది. నీ చెయ్యి నీడ పడగానే చటుక్కున లోపలికి దూరింది. "పురుక్కి ఇంత సోకేందయ్యా!" అని మీ అమ్మ నవ్వింది. ఆ ఈకలతోనే తింటుంది, వాటితోనే ఊపిరి తీసుకుంటుంది అని రాశావు. నీళ్లలో కొట్టుకొచ్చే నలుసుల్ని కూడా అవే వేరుచేస్తాయట. సన్నవి నోటికి, మధ్యరకానివి జిగురుతో కలిపి గొట్టం కట్టుకోవడానికి, ముతకవి బయటికి. ఆ ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. ఇరవై ఆరేళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాను. మంచి పలక ఒక పక్కన, పగిలింది ఒక పక్కన పెట్టాను. దుమ్మును మాత్రం వేరుచెయ్యడం చేతకాలేదు. అదంతా లోపలికే పోయింది.

పోయిన నెల నువ్వు రెండు సంగతులు అడిగావు. నా దగ్గు తగ్గిందా అని, నీ చిన్నప్పుడు నిన్నెప్పుడైనా దుమ్ములో ఉంచామా అని. సముద్రంలోకి దిగే పనికి డాక్టరు కాగితంలో ఆ ప్రశ్న ఉందన్నావు. రెండింటికీ అబద్ధమే చెప్పాను.

దగ్గు తగ్గలేదు. ఒంగోలులో ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనట. అది పోయే మందు లేదట. "ఆ దుమ్ములో నీతోపాటు ఇంట్లోవాళ్లు ఎవరన్నా ఉండినారా?" అని డాక్టరమ్మ అడిగింది. లేరని తల ఊపి వచ్చేశాను.

ఉన్నావు తల్లీ, నువ్వున్నావు. మూడో నెల నుంచి మూడేళ్లు నిండేదాకా, నేను కోసే మిషనుకు పది అడుగుల దూరంలోనే నీకు చీర ఉయ్యాల కట్టాం. మీ అమ్మ పక్కనే కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగించేది. సాయంత్రానికి నీ కనురెప్పల మీద దుమ్ము పేరుకునేది. నేను ఉఫ్ మని ఊదేవాణ్ని, నువ్వు కిలకిలా నవ్వేదానివి. ఆ నవ్వు కోసమే రోజూ ఊదాను. ఇప్పుడు అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

ఈ మాట రాస్తానంటే మీ అమ్మ చాలాసేపు ఏడ్చింది. "చెప్తే దాని ఉద్యోగం పోతాదేమోనయ్యా," అంది. మళ్లీ తనే, "చెప్పకుంటే పిల్లకే ఏమన్నా అయితాది. రాయి," అంది.

కాబట్టి ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకో. ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయి. డాక్టరు సరేననేదాకా నీళ్లలోకి దిగకు. ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి వెతుక్కుందాం.

పైన క్షేమమని రాశాను కదా, అది అలవాటు కొద్దీ రాసిన మాట. నీ ఎక్స్‌రే బాగుందని కబురొస్తే అప్పుడు నిజమవుతుంది.

ఇట్లు,
నిన్ను ఆ దుమ్ములో పెట్టి ఉయ్యాల ఊపిన నీ నాయన,
ఏబేలు